పన్నెండు ఇళ్ళ ఆతిథ్యం

వేసవి సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని జయన్, బ్రైస్ కాన్యన్ చూసి వచ్చే కుటుంబాలు మన సభ్యుల్లో ఏటా కొన్ని ఉంటాయి. సాల్ట్ లేక్ సిటీలో విమానం దిగి, కారు అద్దెకు తీసుకుని, 15వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద దక్షిణంగా సాగితే సెయింట్ జార్జి సుమారు 300 మైళ్ళు. దారిలో ఒకచోట ఆగి పులిహోర డబ్బాలు విప్పినా అయిదారు గంటల్లో చేరిపోతాం. ప్రోవో, నీఫై, ఫిల్‌మోర్, బీవర్, పారోవాన్, సీడర్ సిటీ అని బోర్డులు వస్తాయి, పోతాయి. పెట్రోలు కోసం తప్ప ఆ ఊళ్ళల్లో మనం దిగేది లేదు.

ఇదే దారిలో 1872 డిసెంబరులో ఒకావిడ గుర్రపుబండిలో ప్రయాణం చేసింది. ఆమెకు రెండు వారాలకు దగ్గరగా పట్టింది. హోటళ్ళు లేని దారి. చీకటి పడిన చోటల్లా ఎవరో ఒకరి ఇంట్లో బస, వాళ్ళు పెట్టిందే భోజనం. ఆమె పేరు ఎలిజబెత్ కేన్. అప్పుడు ఆమె వయసు 36. తాను చూసింది చూసినట్టు రాసుకుంది. ఆ రాతల్ని ఆమె తండ్రి విలియం వుడ్ 1874లో ‘ట్వెల్వ్ మోర్మన్ హోమ్స్’ అనే పేరుతో, అంటే పన్నెండు మోర్మన్ ఇళ్ళు, అచ్చు వేయించాడు. మనలాంటి పరాయివాళ్ళు చదవదగిన పుస్తకమని మాకు తోచి, దాని సంగతి ఈ నెల పాఠకులకు చెప్పాలనుకున్నాం.

ముందుగా మోర్మన్ల గురించి నాలుగు ముక్కలు. 1830లో న్యూయార్కు రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు స్థాపించిన మతం అది. ఇరుగుపొరుగుతో పడక ఒహాయో, మిస్సోరీ, ఇల్లినాయి అని చోటు మారుతూ పోయారు. 1844లో ఇల్లినాయిలోని కార్తేజి జైల్లో ఉన్న స్మిత్‌ను అల్లరిమూక కాల్చి చంపింది. ఆ తరవాత బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో బళ్ళు కట్టుకుని పడమరకు కదిలి, 1847 జులైలో ఉప్పు సరస్సు ఒడ్డున ఆగారు. ఎవరికీ అక్కరలేని ఎడారి గనక అక్కడయినా తమని ఉండనిస్తారని వాళ్ళ ఆశ. 1852లో తమలో ఒక పురుషుడికి పలువురు భార్యలుండే ఆచారం ఉందని బహిరంగంగా ప్రకటించారు. దాంతో దేశమంతా వాళ్ళమీద విరుచుకుపడింది. పత్రికలకూ, హాస్యరచయితలకూ, పార్లమెంటు సభ్యులకూ కొన్ని దశాబ్దాలపాటు అదే కబురు.

ఆ రోజుల్లో చాలామంది యాత్రికులు అటు వెళ్ళి వచ్చి పుస్తకాలు రాశారు. మన దేశంలో సైన్యంలో పని చేసి వెళ్ళిన రిచర్డ్ బర్టన్ 1860లో వెళ్ళి మూడు వారాలు ఉన్నాడు. మార్క్ ట్వేన్ 1861లో రెండు రోజులు ఆగి, ఆ రెండు రోజుల సరుకుతోనే తన పుస్తకంలో బోలెడు హాస్యం పండించాడు. ఇద్దరూ మగవాళ్ళు, ఇద్దరూ నగరం చూసి ముందుకు పోయినవాళ్ళు. ఆ ఇళ్ళల్లో వంటింటి దాకా వెళ్ళి, ఆడవాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడే వీలు వాళ్ళకు లేదు. ఎలిజబెత్‌కు ఆ వీలు దొరికింది.

ఎలా దొరికిందంటే, ఆమె భర్త థామస్ కేన్ వల్ల. ఆయన ఫిలడెల్ఫియా వాడు, లాయరు. 1846లో మోర్మన్లు ఇల్లూ వాకిలీ వదులుకుని అయోవాలో గుడారాల్లో ఉండగా వెళ్ళి చూసి, వాళ్ళ తరఫున ప్రభుత్వంతో మాట్లాడాడు. 1857లో కేంద్ర ప్రభుత్వం యూటా మీదికి సైన్యాన్ని పంపినప్పుడు, పనామా మీదుగా కాలిఫోర్నియా చేరి, అక్కణ్ణించి ఎడారి దాటి వెళ్ళి, రెండు పక్షాల మధ్యా రాయబారం నడిపాడు. ఇంత చేసీ ఆ మతంలో మాత్రం చేరలేదు. తరవాత అంతర్యుద్ధంలో గాయాలు తగిలి ఆరోగ్యం చెడింది. చలికాలం దక్షిణాన వెచ్చగా ఉంటుంది, వచ్చి మాతో గడపమని బ్రిగమ్ యంగ్ పిలిచాడు. అలా ఆ దంపతులు ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని బయల్దేరారు.

భర్త స్నేహం భర్తది, ఆమె అభిప్రాయం ఆమెది. ఎలిజబెత్ నిష్ఠ గల క్రైస్తవురాలు. బహుభార్యాత్వం ఆడదానికి జరిగే అన్యాయమని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకం మనసులో పెట్టుకునే బండి ఎక్కింది. కడదాకా దాన్ని మార్చుకోలేదు కూడాను. మారింది మరొకటి. అది చెప్పడానికే ఈ వ్యాసం.

అప్పటికి రైలు లీహై దాకానే వేశారు. అక్కణ్ణించి బళ్ళే. బ్రిగమ్ యంగ్‌కు అప్పుడు 71 ఏళ్ళు. నలభై మైళ్ళ గడ్డంతో, కంటిచూపుతో శాసించే సుల్తానులా ఉంటాడని తూర్పు పత్రికలు బొమ్మలు గీసే మనిషి. ఆవిడకు కనిపించింది ఇంకోలా ఉంది. కాళ్ళదాకా వేలాడే ముదురాకుపచ్చ ఉన్ని కోటు, దానికి బొచ్చు లోపలి అతుకు, తలమీద బొచ్చు టోపీ, కాళ్ళకు సీలు చర్మపు బూట్లు. ఆ వేషంలో లాంతరు పట్టుకుని చీకట్లో బళ్ళ మధ్య వంగి వంగి తిరుగుతున్నాడు. ప్రతి చక్రం, ప్రతి ఇరుసు, ప్రతి గుర్రం, ప్రతి కంచరగాడిద, జీనూ పగ్గాలూ సరిగా ఉన్నాయో లేదో తానే స్వయంగా చూస్తే తప్ప ప్రయాణం ముందుకు కదలదు. పెళ్ళివారి బస్సు బయల్దేరే ముందు టైర్లు తట్టి చూసే పెదనాన్నగారు ప్రతి ఊళ్ళోనూ ఒకరు ఉంటారు కదా, ఆ బాపతు మనిషన్నమాట.

ఆగిన ప్రతి ఊళ్ళోనూ జనం వచ్చి ఆయన చుట్టూ చేరేవారు. కాలువ తెగిన సంగతి, ఆవు ఈనిన సంగతి, కొడుకు మాట వినని సంగతి, అన్నీ చెప్పుకునేవారు. ఆయన విసుగు లేకుండా, మనసుపెట్టి వినడం ఆవిడ గమనించింది. ఇంతమంది ఈయన మాట ఎందుకు వింటారని అంతకుముందు ఆమెకు అనుమానం ఉండేది. ఈయన వాళ్ళ మాట వింటాడు గనక అని ఆ గదుల్లో కూర్చున్నాక బోధపడింది.

ఇహ ఆ ఊళ్ళ అమరిక. వెడల్పాటి వీధులు, వీధుల వెంట గలగలా పారే కాలువలు, పచ్చి ఇటుక ఇళ్ళు, ఇంటింటికీ పళ్ళ తోట. ఏడాదికి పది పన్నెండు అంగుళాల వాన కూడా సరిగా పడని నేలమీద ఇది సాధించారు. కొండల మీది మంచు కరిగి వచ్చే ఏరుకు అడ్డుకట్ట వేసి, ఊరంతా కలిసి కాలువ తవ్వి, నీటిని వంతులవారీగా పంచుకున్నారు. ఎవరి వంతు ఏ గంటకో చెప్పడానికి ఒక మనిషి. మన ఊళ్ళల్లో నీరటి ఉన్నట్టే. అర్ధరాత్రి వంతు వస్తే అర్ధరాత్రే పార పట్టుకుని పొలానికి పోవాలి. ఈ సంగతి కృష్ణా డెల్టా వాళ్ళకన్నా రాయలసీమ, తెలంగాణా చెరువుల కింద సేద్యం ఎరిగినవాళ్ళకు బాగా అర్థమవుతుంది.

సెయింట్ జార్జి కథ మరీ కఠినం. 1861 అక్టోబరులో సాల్ట్ లేక్‌లో జరిగిన సభలో 309 కుటుంబాల పేర్లు చదివి, మీరు దక్షిణం వెళ్ళి పత్తి పండించాలన్నారు. అప్పటికే స్థిరపడి, ఇల్లు కట్టుకుని, చెట్లు కాపుకొచ్చినవాళ్ళు అందులో ఎందరో. వాటిని వదిలి, ఎర్ర ఇసకా నల్ల రాయీ తప్ప ఏమీ లేని చోటికి బళ్ళు కట్టారు. వర్జిన్ నది మీద కట్టిన అడ్డుకట్టలు వరదల్లో మళ్ళీ మళ్ళీ కొట్టుకుపోయాయి. మళ్ళీ మళ్ళీ కట్టారు. ఒకసారి స్థిరపడ్డ చోటు వదిలి ఇంకోచోట మొదటినుంచి మొదలుపెట్టడం ఎలా ఉంటుందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. అయితే మనం వచ్చింది మన ఇష్టం మీద.

అసలు విషయానికి వద్దాం. ఇంగ్లీషువాళ్ళకు ‘సవతి’ అనే మాట లేదు. మనకు ఆ మాటా ఉంది, దాని చుట్టూ వెయ్యి కథలూ ఉన్నాయి. ‘సవతి పోరు’ అంటే పసిపిల్లకు కూడా తెలుసు. ఎలిజబెత్ కూడా ఆ పోరే చూస్తానని వెళ్ళింది. నీఫైలో ఒకే ఇంట్లో ఇద్దరు భార్యలు. ఒకరు వంట చూస్తే ఒకరు పిల్లల్ని చూసేవారు. ఎవరి పిల్లలు ఎవరో కొత్తవాళ్ళకు చటుక్కున తెలిసేది కాదు. మోర్మన్ ఇళ్ళల్లో పిల్లలు తండ్రి మిగతా భార్యల్ని మన పిన్నిలాగా ‘ఆంట్’ అని పిలిచేవారు. ఆ ఆడవాళ్ళ మర్యాదా, పనితనం, భక్తీ ఆవిడకు నచ్చాయి. అలాగని అంతా సుఖమే అని ఆమె రాయలేదు. కొందరి మాటల వెనక దిగమింగిన దుఃఖం ఆమెకు వినిపించింది. ఇది దేవుడు పెట్టిన పరీక్ష అని నమ్మి ఓర్చుకుంటున్నవాళ్ళు కనిపించారు. ఆ ఓర్పును గౌరవించింది. అంత ఓర్చుకోవలసిన అవసరం ఎందుకు రావాలన్న ప్రశ్నను మాత్రం వదల్లేదు.

ఇంకో ఉదయం సంగతి. పావంట్ తెగవాళ్ళు ఉండే ప్రాంతంలో ఒక ఇంట బస. వీళ్ళు ఫలహారానికి కూర్చోబోతుండగా కొందరు పావంట్లు వచ్చారు. ఇంటి ఇల్లాలు వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. ఏం చెప్పారని ఎలిజబెత్ అడిగింది. “ఈ అతిథులు ముందు వచ్చారు, వీళ్ళకు సరిపడానే వండాను, మీది పొయ్యి మీద ఉంది, కాగానే పిలుస్తానన్నాను” అని జవాబు. నిజంగా పిలుస్తారా, లేక మిగిలింది వంటింటి గుమ్మం దగ్గర పెట్టి పంపేస్తారా అని ఎలిజబెత్‌కు అనుమానం. మా పావంట్లకు మర్యాద తెలుసండీ అంది ఆ ఇల్లాలు. అన్నట్టే ఆ తరవాత వాళ్ళకూ అదే బల్ల, అదే భోజనం, అదే వడ్డన. మన ఇళ్ళల్లో పాలేరుకు విడిగా అట్టేపెట్టిన సత్తు పళ్ళెం ఎరిగిన మనం, ఈ పేజీ దగ్గర ఒక్క నిమిషం ఆగడం మంచిది.

అయితే ఒక పూట భోజనం పెట్టినంత మాత్రాన లెక్క చెల్లిపోదు. ఆ లోయల్లో ఏళ్ళ ఒడ్డు మంచి భూములన్నీ అంతకుముందు ఆ తెగలవే. మోర్మన్లు కాలువలు తవ్వి పంటలు పండించిన చోటల్లా వాళ్ళ వేటా, గడ్డిగింజలూ పోయాయి. యూట్ తెగల తిరుగుబాటు 1865 నుంచి 1872 దాకా సాగి, వీళ్ళ ప్రయాణం నాటికి అప్పుడే చల్లారింది. దారిలో ఉన్న కోవ్ ఫోర్టు అనే కోటను 1867లో కట్టింది ఆ భయంతోనే.

ఇంకా చీకటి కథ ఒకటుంది. సెయింట్ జార్జికి ఉత్తరాన మౌంటెన్ మెడోస్ అనే పచ్చిక బయలు ఉంది. 1857 సెప్టెంబరులో, సైన్యం మీదికి వస్తోందన్న ఉద్రేకంలో, ఆ ప్రాంతపు మోర్మన్లు కొందరు పాయూట్లను కూడా కలుపుకుని, కాలిఫోర్నియా పోతున్న వలస కుటుంబాల్ని అక్కడ సుమారు 120 మందిని చంపేశారు. ఎలిజబెత్ ఆ దారిన వెళ్ళేనాటికి పదిహేనేళ్ళు గడిచినా ఒక్కడికీ శిక్ష పడలేదు. చివరికి 1877లో జాన్ డి. లీ అనే ఒక్కణ్ణి అదే స్థలంలో కాల్చి చంపి శిక్ష అమలుపరిచారు. ఆతిథ్యం ఇచ్చిన చేతులూ ఆ ప్రాంతానివే, ఆ ఘోరం చేసిన చేతులూ ఆ ప్రాంతానివే. ఒకదాన్ని చెప్పి ఒకదాన్ని దాస్తే చరిత్ర కాదు.

సెయింట్ జార్జిలో కేన్ కుటుంబం చలికాలం గడిపింది. అక్కడ థామస్ కేన్ బాగా జబ్బుపడ్డాడు. ఊరి ఆడవాళ్ళూ మగవాళ్ళూ సొంతవాళ్ళలా సేవ చేశారు. ఆ తరవాత ఎలిజబెత్ రాతలో కరుకుదనం తగ్గింది. ఆచారం తప్పన్న అభిప్రాయం అలాగే ఉంది. కాని ‘ఆ ఆడవాళ్ళు’ అని దూరంగా చూసినవాళ్ళు ఇప్పుడు పేరుపేరునా తెలిసిన మనుషులయ్యారు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చిపడింది. 1874లో వాషింగ్టన్‌లో పోలండ్ చట్టం అనే కొత్త శాసనం తయారవుతోంది. యూటా కోర్టుల్ని మోర్మన్ల చేతుల్లోంచి తీసేసి, బహుభార్యాత్వం కేసులు నడపడం దాని ఉద్దేశం. ఒక్కసారిగా ఆ పెళ్ళిళ్ళు చెల్లవంటే, రెండో భార్య, మూడో భార్య, వాళ్ళ పిల్లలు ఏమైపోతారు? వాళ్ళను రక్షిస్తామంటున్న చట్టమే వాళ్ళను వీధిలో నిలబెడితే? మోర్మన్ల మీద కాస్త సానుభూతి కలిగించడానికే ఈ పుస్తకం వేస్తున్నామని విలియం వుడ్ దాని మొదట్లోనే చెప్పాడు. ఆ ఆచారం గిట్టని ఆవిడ, ఆ ఆచారం పాటించేవాళ్ళ పక్షాన తన డైరీని బయట పెట్టనిచ్చింది. చట్టం మాత్రం ఆగలేదు, ఆ జూన్‌లోనే ప్యాసయింది.

ఆ చట్టం కింద నడిచిన కేసు ఒకటి 1879లో సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. రెనాల్డ్స్ కేసు అంటారు. ఆ తీర్పులో మన ప్రసక్తి ఉందని చాలామందికి తెలియదు. బహుభార్యాత్వం ఉత్తర, పశ్చిమ యూరపు జాతులకు ఎప్పుడూ ఏవగింపేననీ, మోర్మన్లు వచ్చేదాకా అది దాదాపు ఆసియా, ఆఫ్రికా జనాలకే పరిమితమనీ జడ్జీలు రాశారు. భర్త చితిమీద కాలిపోవడం తన ధర్మమని ఒక భార్య నమ్మితే ప్రభుత్వం ఆపకూడదా అని అడిగారు. ఆ ఉదాహరణ ఏ దేశానిదో చెప్పనక్కరలేదు. సహగమనాన్ని మన దేశంలో నిషేధించి అప్పటికి యాభయ్యేళ్ళు. అయినా పదివేల మైళ్ళ దూరంలో మనం గుర్తొచ్చింది దానితోనే. అలాగని మనం రోషపడితే చాలదు. హిందువులకు రెండో పెళ్ళిని మద్రాసు రాష్ట్రంలో 1949లోనూ, దేశమంతటా 1955లోనూ చట్టం నిషేధించింది. మన తాతల కాలంలో సవతులున్న ఇళ్ళు మన ఊళ్ళల్లోనూ ఉండేవి. తీర్పు తప్పని మేము అనడం లేదు. దూరం నుంచి చూస్తే ఒక జాతి అంతా ఒక్క ఆచారంగా కుదించుకుపోతుందని మాత్రం అంటున్నాం.

ఆ తరవాతి సంగతులు క్లుప్తంగా. 1880లలో వెయ్యిమందికి పైగా మోర్మన్ పురుషులు జైళ్ళకు వెళ్ళారు. యూటా ఆడవాళ్ళకు 1870 నుంచి ఓటుహక్కు ఉండేది. అమెరికాలో చాలాచోట్ల ఆడవాళ్ళకు అది కలలో కూడా లేని రోజులవి. వాళ్ళను విముక్తి చేస్తామన్న పార్లమెంటే 1887లో ఆ హక్కును ఊడబెరికింది. 1890లో చర్చి బహుభార్యాత్వాన్ని మానుకుంటున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు దాన్ని పాటించేవారిని చర్చే వెలివేస్తుంది. 1896లో యూటా రాష్ట్రమైంది, ఓటూ తిరిగి వచ్చింది. అదే ఏడు మార్తా హ్యూజ్ కానన్ అనే డాక్టరు రాష్ట్ర సెనేటుకు గెలిచింది. ఈ దేశంలో ఏ రాష్ట్ర సెనేటులోనైనా మొదటి మహిళ ఆవిడే. ఆమె ఒక మోర్మన్ నాయకుడి భార్యల్లో ఒకరు. ఓడిన అభ్యర్థుల్లో ఆమె భర్త కూడా ఉన్నాడు!

ఎలిజబెత్ కూడా తరవాత డాక్టరయింది. 1883లో, ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకుంది. బండిలో వెంట వచ్చిన పెద్ద కొడుకు ఇవాన్ సర్జనయ్యాడు. 1921లో తన అపెండిక్సును తానే కోసి తీసుకున్న ఘనుడు ఇతనే. మన సంఘంలోని డాక్టర్లెవరూ ప్రయత్నించవద్దని మనవి.

ఆఫీసులో భోజనాల దగ్గర ఎవరో అడుగుతారు: మీ పెళ్ళిళ్ళు పెద్దవాళ్ళే కుదురుస్తారట కదా, అమ్మాయిని అడగరా అని. మనకు చిర్రెత్తుతుంది. అడిగినవాళ్ళెవరూ మన ఇంటికి వచ్చి మన అమ్మనో అత్తగారినో పలకరించినవాళ్ళు కారు. ఇంటికి వచ్చాక మనం చేసే పనీ అదే. పక్కింటివాళ్ళ విడాకుల గురించి, వాళ్ళ పిల్లల స్వేచ్ఛ గురించి, గుమ్మం దాటకుండానే తీర్పులు చెప్పేస్తాం. ఎలిజబెత్ తన అభిప్రాయాన్ని వదులుకోకుండానే పన్నెండు గుమ్మాలు దాటింది. వాళ్ళ ఉప్పు తిన్నది గనక, వాళ్ళ గురించి రాసేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసింది.

ఈసారి అటు వెళ్ళినప్పుడు కోవ్ ఫోర్టు దగ్గర ఒక గంట ఆగండి. నల్లటి అగ్నిపర్వత శిలతో కట్టిన నూరడుగుల గోడలు, పద్ధెనిమిది అడుగుల ఎత్తు, లోపల పన్నెండు గదులు, ఒక టెలిగ్రాఫ్ గది. ఉచితంగా చూపిస్తారు. మోర్మన్ చర్చివారే నడుపుతున్నారు, వివరాలు ఓపిగ్గా చెబుతారు. అంతదూరం వెళ్ళలేనివాళ్ళకు ఇంటి దగ్గరే అవకాశం ఉంది. తెల్ల చొక్కాలు తొడుక్కుని ఇద్దరిద్దరుగా వచ్చి తలుపు తట్టే కుర్రాళ్ళను మనందరం ఎరుగుదుం. మతం మార్చుకోనక్కరలేదు. అమ్మానాన్నల్ని వదిలి దూరదేశం వచ్చిన పిల్లలు. లోపలికి రమ్మని, ఏ ఊరు బాబూ అని అడిగితే సంతోషిస్తారు. కాఫీ, టీ మాత్రం ముట్టరు. చల్లటి మజ్జిగ ఇవ్వండి.